పేరు కొత్త - ఊరు పాత

వెయ్యేళ్ళు దాటినా ‘కొత్త ఊరు’ అనే పేరుతోనే చలామణి అవుతున్న నగరం ఒకటి ఉందంటే మీరు నమ్ముతారా? రష్యాలో వోల్ఖొవ్ నది ఒడ్డున ఉన్న నోవ్‌గొరొద్ అటువంటిదే.

ముందు ఆ పేరును విడదీసి చూద్దాం. ‘నోవ్’ అంటే కొత్త. మనం వాడే నవీనం, నవ్యం అన్న మాటల్లోని ‘నవ’ దానికి చుట్టమే. (నవగ్రహాల్లోని ‘నవ’ కాదు సుమా! అది తొమ్మిది.) ‘గొరొద్’ అంటే నేటి రష్యన్ భాషలో నగరం. కాని దాని తొలి అర్థం కంచె కట్టిన చోటు. కూరగాయల తోటను రష్యన్లు ఇప్పటికీ ‘ఒగొరొద్’ అంటారు. సంస్కృతంలోని ‘గృహం’ కూడా ఈ కుటుంబంలోదే. సంస్కృతం, రష్యన్ ఒకే మూలభాష నుంచి చీలిన శాఖలు కావడమే ఇందుకు కారణం.

సరే, కొత్త ఊరు ఉందంటే పాత ఊరు కూడా ఉండాలి కదా! అదెక్కడ?

నగరానికి సుమారు 2 కిలోమీటర్ల ఎగువన, నది పక్కనే ‘గొరొదిష్చె’ అనే మెట్ట ఉంది. పూర్వం కోట ఉన్న చోటని ఆ మాటకు అర్థం. అక్కడి త్రవ్వకాల్లో 9వ శతాబ్దపు కోట ఆనవాళ్ళు దొరికాయి. నోవ్‌గొరొద్‌లో దొరికిన వీధులు 10వ శతాబ్దానివి. కనుక పాత కోటతో పోల్చి దీనిని ‘కొత్త కోట’ అని పిలిచి ఉంటారని పలువురు పరిశోధకుల అభిప్రాయం.

వీధుల వయసు ఎలా తెలిసింది? చెట్లే చెప్పాయి! నోవ్‌గొరొద్ నేల బురద నేల. అందుకని వీధుల్లో దుంగలు పరిచేవారు. అవి కూరుకుపోతే వాటిమీదే కొత్తవి పరిచేవారు. తడిమట్టిలోకి గాలి చొరబడదు గనుక ఆ కొయ్య కుళ్ళిపోలేదు. ఒకచోట ఇలా 28 వరుసలు బయటపడ్డాయి.

చెట్టు కాండంలో ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. మంచి ఏడాదిలో అది వెడల్పుగా, గడ్డు ఏడాదిలో సన్నగా ఉంటుంది. ఒక దుంగలోని వలయాల వరుసను మరో దుంగతో జతపరుస్తూ పోయారు. కట్టిన సంవత్సరం గ్రంథాల్లో నమోదైన చర్చీల దుంగలతోనూ సరిపోల్చారు. అట్టడుగు వరుస 953 నాటిదనీ, పైవరుస 1462 నాటిదనీ తేలింది.

ఆ మట్టిలోనే 1951లో భూర్జపత్రంపై గీసి రాసిన లిఖితం ఒకటి దొరికింది. ఆ తరువాత అటువంటివి వెయ్యికి పైగా దొరికాయి. వాటిలో 13వ శతాబ్దపు బాలుడు ఒన్‌ఫిమ్ దిద్దిన అక్షరాలూ, పాఠం మధ్యలో గీసిన గుర్రపురౌతు బొమ్మా ఉన్నాయి!

ఇప్పుడు మీకొక లెక్క. సగటున ఎన్నేళ్ళకొకసారి ఆ వీధికి కొత్త దుంగలు పరిచారో చెప్పగలరా? 28తో భాగించేముందు ఒక్కక్షణం ఆలోచించండి. 28 వరుసల మధ్య ఎడాలు ఎన్ని?