ఎత్తు పెంచిన పికప్‌కు కొత్త షాకబ్జార్బర్లు: ముందు టేపు, తర్వాత షాపు

కల్యాణసింగ్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగువారిలో పికప్ బండి మీద బతికే ఇళ్ళు ఉన్నాయి. పోయేటప్పుడు సిమెంటు, కిరాణా. వచ్చేటప్పుడు నియమగిరి కొండల అనాసలు, పత్తి బస్తాలు. దారుల సంగతి కొత్తగా చెప్పాలా? 2017 జూలై 16న నాగావళి, కల్యాణి నదులు పొంగిన రోజు తెరువలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కూలిపోయింది. గెడ్డ దాటాలి, రాయి అడుగున తగలకూడదు అని బండిని రెండంగుళాలు లేపించుకున్నవారిని తప్పుపట్టలేం. తంటా అంతా ఆ తర్వాతే. కమాన్ కట్టలో పట్టీలు చేర్చి, యాక్సిల్ మీద దిమ్మ పెట్టి, పాత షాకబ్జార్బర్లనే బిగించి పంపేస్తారు. కొన్నాళ్ళకే నూనె కారుతుంది. అప్పుడు షాపుకు వెళ్ళి అదే నంబరు మళ్ళీ కొంటారు, అదీ అలాగే పోతుంది.

బరువు మోసేది, బండిని ఎత్తులో నిలిపేది కమాను. షాకబ్జార్బరు బరువు మొయ్యదు. గుంతలో పడ్డ కమాను పైకీ కిందకీ ఊగకుండా ఆపడమే దాని పని. లోపల నూనె సన్నని కంతల గుండా పోతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది. కాబట్టి గట్టి షాకులు వేస్తే బండి ఎక్కువ బరువు లాగుతుందన్న మాట నమ్మకండి.

బండిని రెండంగుళాలు లేపితే పాత షాకు నిలబడిన చోటే దాదాపు రెండంగుళాలు సాగి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగాలంటే మిగిలిన జాగా ఆ మేరకు తగ్గిపోతుంది. పూర్తిగా సాగాక ఇక వేలాడే చక్రం బరువంతా షాకు కన్ను మీదే. సీలు పోయేది, బుష్ చిరిగేది, ఒక్కోసారి బోల్టు తెగేది అందుకే.

అందుచేత కొలత ముఖ్యం. వెనుక కమాన్ల బండికి పద్ధతి ఇది. చదునైన నేల మీద, ముందు చక్రాలకు రాళ్ళు వేసి, షాకు పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమి వరకు కొలవండి. ఉదాహరణకు 16 అంగుళాలు అనుకుందాం. యాక్సిల్‌కూ పైన ఉన్న బంప్ రబ్బరుకూ మధ్య ఖాళీ చూడండి, అది 2.5 అనుకుందాం. తర్వాత ఛాసిస్‌ను జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, షాకు కింది బోల్టు తీసేసి చక్రాన్ని వేలాడనివ్వండి. బోల్టు తియ్యకపోతే పాత షాకే చక్రాన్ని ఆపేస్తుంది, కొలత తప్పొస్తుంది. ఇప్పుడు బోల్టుల మధ్య 19 వచ్చిందనుకోండి. మనకు కావలసిన షాకు పూర్తిగా సాగితే 19 కన్నా కనీసం అర అంగుళం పొడవుండాలి. ఇక 16లో 2.5 తీస్తే 13.5, రబ్బరు నలిగేందుకు ఇంకో అర అంగుళం పోతే 13. కాబట్టి పూర్తిగా ముడిస్తే 12.5కు మించకూడదు. మరీ పొడవైనది వేస్తే రబ్బరు తగలకముందే షాకు అడుగు తగిలి పగులుతుంది. పొట్టిదాని కన్నా ఇదే ఎక్కువ చేటు.

ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. జీవితమంతా గుమాస్తా పని చేసినవాణ్ణి, రాసుకోమనడం నా అలవాటు. రాయగడలోగానీ పార్వతీపురంలోగానీ షాపువాణ్ణి బండి పేరు అడగనివ్వండి, మీరు మాత్రం సాగినప్పుడు ఎంత, ముడిచినప్పుడు ఎంత అని అడగండి. కన్ను లోపలి బోల్టు సైజు కూడా చూసుకోండి.

ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగు, షాకు కలిసి ఉన్న బండైతే ఇంట్లో విప్పొద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. మెకానిక్ పనిముట్టుతోనే తియ్యాలి.

రకం విషయానికొస్తే, ఒకే గొట్టం ఉండి గ్యాసు ఎక్కువ ఒత్తిడితో నింపినవి వేడిని బాగా వదులుతాయి. కానీ రాయి తగిలి గొట్టం సొట్టపడితే లోపల పిస్టన్ పట్టేస్తుంది. రెండు గొట్టాలవాటిలో బయటి గొట్టం కాస్త నొక్కుకున్నా పని నడుస్తుంది. మన రాళ్ళదారిలో సరుకు బండికి రెండు గొట్టాల గ్యాసు షాకే సరిపోతుందని నా అభిప్రాయం. 1961 నుంచి మన దేశంలో షాకులు చేస్తున్న గాబ్రియెల్ లాంటి కంపెనీల సరుకులో కొలత కుదిరితే చాలు. దిగుమతి షాకుల కోసం అప్పు చెయ్యనక్కర్లేదు. పట్టీలు చేర్చి ఉంటే కమాను వెనక్కి తన్నే బలం పెరుగుతుంది కనుక, సాగేటప్పుడు గట్టిగా పట్టేవి అడగండి. ముడుచుకునేటప్పుడు కూడా అంతే గట్టిగా ఉంటే ఖాళీ బండి గులకదారిలో ఎగురుతుంది, చక్రం నేల వదిలేస్తుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది డ్రైవర్లు పట్టించుకోరు. చాలా పికప్‌లలో వెనుక యాక్సిల్ నుంచి ఒక కడ్డీ బ్రేకు వాల్వుకు వెళ్తుంది. బండి వెనుక కిందకు దిగితే బరువు ఉందని గ్రహించి వెనుక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది. బండి లేపాక అది ఖాళీ బండే అనుకుంటుంది. నిండు లోడుతో ఘాటీ దిగేటప్పుడు వెనుక బ్రేకు తక్కువ పడుతుంది. షాకులు మార్చే రోజే ఆ కడ్డీని సరిచేయించండి.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చే మార్పు చెయ్యకూడదు. 2019 సవరణతో అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పట్టీలు చేర్చినంత మాత్రాన ఆర్సీలోని బరువు పెరగదు. ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000.

షాకులు ఎప్పుడూ జతగానే మార్చాలి. బుష్ ఉన్న బోల్టులను బండి తన చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి, గాలిలో బిగిస్తే బుష్ మెలిక పడి త్వరగా చిరుగుతుంది. రెండు మూడు ట్రిప్పులయ్యాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడండి.