డచ్చి సమాసములు: విరుపు, ఊనిక

నెదర్లాండ్సులోను, బెల్జియము ఉత్తర భాగములోను, దక్షిణ అమెరికాలోని సూరినాములోను డచ్చి భాష వాడుకలో ఉన్నది. తెలుగులోవలెనే ఆ భాషలోను పదములు కలిసి సమాసములగును. అయితే వానిని విరుచు పద్ధతి మన పద్ధతికి భిన్నమైనది.

'రామ', 'ఆలయము' కలిసినచో 'రామాలయము' అగును. రెండచ్చులు ఒకటై, పదముల నడుమనున్న గట్టు చెరిగిపోవును. ఛందస్సులో గణవిభజన చేయునప్పుడు కూడ పదమెక్కడ ముగిసినదో మనము చూడము. డచ్చిలో ఆ గట్టు నిలిచియుండును. మామూలు పదములో రెండచ్చుల నడుమ ఒక్క హల్లున్నచో, అది తరువాతి అక్షరమునకు చేరును. 'నీరు' అను అర్థము గల 'వాటెర్' పదమును వా-టెర్ అని విరుతురు. కాని 'హౌస్' (ఇల్లు), 'అర్ట్స్' (వైద్యుడు) కలిసి 'కుటుంబ వైద్యుడు' అను అర్థమిచ్చు సమాసమును పంక్తి చివర హౌస్-అర్ట్స్ అనియే విరువవలెను. హౌ-సర్ట్స్ అనుట తప్పు.

గట్టు మారినచో అర్థమే మారును. 'క్వర్ట్స్లాగెన్' అను పదమును చూడుడు. క్వర్ట్-స్లాగెన్ అని విరిచినచో 'పావు చుట్లు' అని అర్థము. క్వర్ట్స్-లాగెన్ అని విరిచినచో 'స్ఫటికశిల పొరలు' అని అర్థము. వ్రాతలో రెండును ఒక్కటే.

ఇక ఊనిక సంగతి. డచ్చి సమాసములలో సాధారణముగా మొదటి పదముపై ఊనిక పడును. 'రాజధాని' అని అర్థమిచ్చు హోఫ్ట్-స్టట్‌లో 'హోఫ్ట్'ను ఊది పలుకుదురు. దీనికి అపవాదములును కలవు: 'పురపాలక భవనము' అను అర్థము గల స్టట్-హౌస్‌లో ఊనిక చివరి పదముపై ఉండును.

విరుపు, ఊనిక రెండును ఎట్లు ముడిపడియున్నవో మరియొక పదము చక్కగా చూపును. 'మసాజె' (మర్దనము), 'బెట్' (మంచము) కలిసిన 'మర్దనపు మంచము'లో ఊనిక రెండవ అక్షరమైన 'సా'పై పడును. ఏలయన 'మసాజె'లో ఊనిక అక్కడనే ఉన్నది. 'మసా' (జనసమూహము), 'గెబెట్' (ప్రార్థన) కలిసిన 'సామూహిక ప్రార్థన'లో ఊనిక మొదటి అక్షరమైన 'మ'పై పడును. ఈ రెంటికిని వ్రాతలో ఒకే అక్షరక్రమము. ఒకే లిపిని మొదటి దానిలో 'జ'కు దగ్గరగాను, రెండవ దానిలో గొంతున రాపిడితో పుట్టు 'గ'గాను పలుకవలెను.

అక్షరములను మాత్రమే లెక్కించు కంప్యూటరు ఇట్టి పదములను పంక్తి చివర తప్పుగా విరుచుటకు కారణమిదియే. కనుక డచ్చి నేర్చువారు సమాసము కనబడగానే మొదట అర్థమునుబట్టి దానిలోని పదములను గుర్తింపవలెను. విరుపు, ఊనిక, ఉచ్చారణ ఆ తరువాతనే తేలును.