బడిలో ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

మా అమ్మాయి ఏడో తరగతి. ఓ సాయంత్రం దాని సంచీ సర్దుతూ చూస్తే పొద్దున సీసాలో పోసిచ్చిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. "తాగితే బాత్రూంకి వెళ్లాలి కదమ్మా! తలుపుకి గడియ లేదు" అంది. క్లాసు టీచరేమో మాస్టారు. ఆయనకెలా చెబుతుంది?

సర్కారు బడుల్లో ఇలాంటివి వినడానికి మనుషులుండాలని ఆయుష్మాన్ భారత్ కింద 2020లో ఓ కార్యక్రమం మొదలైంది. బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే వారిలో ఒకరు మహిళ, వారానికో గంట ఆరోగ్య పాఠం. బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు 2013 నుంచీ ఉన్నారు. కానీ బడికి వాళ్లొచ్చేది ఏడాదికోసారి. మిగతా రోజుల మాటేమిటి?

నన్నడిగితే ఆ జట్టులో మొదటి పేరు ఆయమ్మది ఉండాలి. కడుపునొప్పితో మూల కూర్చున్నదెవరో, మధ్యాహ్నం అన్నం పారబోసిందెవరో ఆవిడకు తెలిసినట్టు హెడ్మాస్టారికేం తెలుస్తుంది? తర్వాత వంటామె, ఆటల మాస్టారు, ఏఎన్ఎం, ఇద్దరు తల్లులు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. వారానికో ఐరన్ మాత్ర ఇస్తున్నారు, నిజమే. పరగడుపున మింగితే వికారం పెడుతుంది, పిల్లలు గుప్పిట్లో దాచి పారేస్తారు. అన్నం తిన్నాక, దగ్గరుండి మింగించాలి. అది జట్టు పనే.

మీ పిల్లల సీసా ఓసారి చూడండి. మేం నలుగురం తల్లులం వెళ్లి అడిగాక వారంలో గడియ పెట్టించారు. బకెట్లో మగ్గు మాత్రం ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాం.