భాగం – 9 : గ్రాఫిక్స్, ఆగ్మెంటెడ్ రియాలిటీ, విజువల్ ఎఫెక్ట్స్ – సాధనాల ఎంపిక

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• గ్రాఫిక్స్, ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్), విజువల్ ఎఫెక్ట్స్ (వీఎఫ్‌ఎక్స్) పనుల మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు;
• ఒక దృశ్యంలోని వెలుగునీడలను కంప్యూటర్ లెక్కించే మూడు పద్ధతులను పోల్చగలుగుతారు;
• చేయవలసిన పనినీ, చేతిలో ఉన్న పరికరాన్నీ బట్టి తగిన సాధనాన్ని ఎంచుకోగలుగుతారు;
• లైసెన్సు షరతుల ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన విద్యార్థి తరచుగా అడిగే ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అనేది. దున్నడానికి నాగలి, విత్తడానికి గొర్రు, కలుపు తీయడానికి గుంటుక వాడే రైతు వీటిలో ఏది మంచిదని అడగడు. ఇవాళ పొలంలో ఏం పని ఉందో చూసుకొని పనిముట్టు తీస్తాడు. సాధనాల ఎంపికలో మనం పాటించవలసిన పద్ధతి కూడా ఇదే.

ఈ భాగమంతటా ఒకే ఉదాహరణను తీసుకుందాం. నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఇది కుందూరు చోడుల కాలపు కట్టడం. మూడు గర్భాలయాలకు కలిపి ఒకే మండపం ఉన్న త్రికూటాలయం. ఇందులో ఒక గర్భాలయంలో శివలింగం వెనుక గోడపై స్తంభం ఆకారంలో నీడ కనిపిస్తుంది. ఆకాశంలో సూర్యుడు కదులుతున్నా పగటి వేళ ఆ నీడ చోటు మారదు. ఈ ఆలయాన్ని కంప్యూటర్‌లో నిర్మించాలనుకుంటే ఏ సాధనం వాడాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదికే క్రమంలో ఎంపిక సూత్రాలు వాటంతట అవే బయటపడతాయి.

9.2 మూడు రంగాలు – సమయ పరిమితి

మూడు రంగాల్లోనూ జరిగేది త్రిమితీయ దృశ్యాన్ని ద్విమితీయ చిత్రంగా మార్చడమే. దీనిని రెండరింగ్ అంటారు. తేడా అంతా ఒక చిత్రానికి దొరికే సమయంలో ఉంది.

క్షణానికి 60 చిత్రాలు చూపే గేమ్‌లో ఒక చిత్రానికి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఫోన్‌లో నడిచే ఏఆర్ యాప్ క్షణానికి 30 చిత్రాలు చూపితే చిత్రానికి సుమారు 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి. అయితే ఆ వ్యవధిలోనే కెమెరా దృశ్యాన్ని చదవడం, ఫోన్ ఎటు కదిలిందో లెక్కించడం కూడా పూర్తి కావాలి.

సినిమా వీఎఫ్‌ఎక్స్‌లో ఈ ఒత్తిడి లేదు. ఒక చిత్రానికి నిమిషాలైనా, గంటలైనా తీసుకోవచ్చు. కానీ మొత్తం లెక్క వేసుకోవాలి. సినిమాలో క్షణానికి 24 చిత్రాలు కాబట్టి ఒక నిమిషానికి 1,440 చిత్రాలు. ఒక్కోదానికి 5 నిమిషాలు పడితే 7,200 నిమిషాలు, అంటే 120 గంటలు. మీ కంప్యూటర్ ఐదు రోజులు ఆగకుండా పనిచేయాలి. మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలన్నది కూడా ప్రణాళికలో భాగమే. అందుకే వీడియోను ఒకే ఫైలుగా కాకుండా, ఒక్కో చిత్రాన్ని విడి ఫైలుగా భద్రపరుస్తారు. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

9.3 వెలుగునీడలను లెక్కించే పద్ధతులు

అ) షాడో మ్యాపింగ్: దీపం ఉన్న చోటి నుంచి చూస్తే ఏయే వస్తువులు కనిపిస్తాయో ముందుగా నమోదు చేసుకొని, కనిపించని వాటిని నీడలో ఉన్నట్లు చూపడం. చాలా వేగవంతమైన పద్ధతి. గేమ్ ఇంజిన్లలో విరివిగా వాడతారు.

ఆ) పాత్ ట్రేసింగ్: కాంతి కిరణం గోడలను, స్తంభాలను తాకి ఎలా చెదురుతుందో అనేక కిరణాలతో లెక్కించడం. ఫలితం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. సమయం ఎక్కువ పడుతుంది.

ఇ) బేకింగ్: పాత్ ట్రేసింగ్‌తో ఒకసారి లెక్కించిన వెలుగును గోడపై అతికించే బొమ్మగా, అంటే టెక్స్చర్‌గా, భద్రపరచుకోవడం. తరువాత ఫోన్ ఆ బొమ్మను చూపితే చాలు, లెక్క మళ్లీ చేయనక్కరలేదు.

ఇప్పుడు పానగల్లుకు వద్దాం. గర్భాలయం వెనుక గోడను చేరేది నేరుగా పడే ఎండ కాదు. మండపం తెరపుల గుండా వచ్చి చెదిరిన వెలుగు. ద్వారం ముందున్న స్తంభాలు ఆ వెలుగులో కొంత భాగాన్ని అడ్డుకుంటాయి. కాబట్టి నీడ చోటు స్తంభాల అమరికపై ఆధారపడుతుంది గాని సూర్యుని స్థానంపై కాదు.

గేమ్ ఇంజిన్‌లో ఈ నమూనాను పెట్టి, సూర్యునికి బదులు ఒక దీపాన్ని ఉంచి, షాడో మ్యాపింగ్‌తో చూపితే ఏమవుతుంది? దీపాన్ని కదిలించిన కొద్దీ నీడ కూడా కదులుతుంది, లేదా గర్భాలయం పూర్తిగా చీకటిగా కనిపిస్తుంది. ఏ ప్రత్యేకత వల్ల ఈ ఆలయానికి ఆ పేరు వచ్చిందో అదే మాయమవుతుంది. ప్రోగ్రామ్‌లో దోషం లేదు, సాధనం కూడా చెడ్డది కాదు. పనికి తగని పద్ధతిని ఎంచుకోవడం వల్ల చూసేవారికి తప్పు సమాచారం అందింది.

పాత్ ట్రేసింగ్ ఆ చెదిరిన వెలుగును లెక్కించగలదు. పైగా ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. నీడ కదలదు కాబట్టి దానిని బేకింగ్ చేయవచ్చు. కదిలే నీడను ఒకే బొమ్మలో భద్రపరచలేం, నిలిచి ఉన్న నీడను భద్రపరచగలం.

9.4 ప్రధాన సాధనాలు

బ్లెండర్: మోడలింగ్, యానిమేషన్, రెండరింగ్, కంపోజిటింగ్ అన్నీ ఒకేచోట చేయగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 2002లో దీని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులోని సైకిల్స్ పాత్ ట్రేసింగ్ చేస్తుంది, ఈవీ వేగంగా రెండర్ చేస్తుంది. పైథాన్‌తో ప్రోగ్రామ్ చేయవచ్చు.

యూనిటీ, అన్‌రియల్, గోడో: ఇవి గేమ్ ఇంజిన్లు. యూనిటీలో సి షార్ప్, అన్‌రియల్‌లో సి ప్లస్ ప్లస్, గోడోలో జీడీస్క్రిప్ట్ ప్రధాన భాషలు. అన్‌రియల్‌లో కోడ్ రాయకుండా పెట్టెలను గీతలతో కలిపే బ్లూప్రింట్ పద్ధతి కూడా ఉంది.

త్రీ జేఎస్: బ్రౌజర్‌లో త్రిమితీయ దృశ్యాలు చూపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. చూసేవారు ఏ యాప్‌నూ ఇన్‌స్టాల్ చేసుకోనక్కరలేదు.

ఏఆర్‌కోర్, ఏఆర్‌కిట్: మొదటిది గూగుల్‌ది, రెండవది ఆపిల్‌ది. రెండింటినీ 2017లో ప్రకటించారు. ఏఆర్‌కోర్ అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేయదు, గూగుల్ ధ్రువీకరించిన మోడళ్లలోనే పనిచేస్తుంది.

హుడిని, న్యూక్, మాయా: సినిమా స్టూడియోలలో వాడే సాధనాలు. హుడిని నిప్పు, నీరు, పొగ వంటి వాటికి, న్యూక్ పొరలను కలిపే కంపోజిటింగ్‌కు, మాయా యానిమేషన్‌కు ప్రసిద్ధి. ఈ మూడింటిలోనూ పైథాన్ పనికివస్తుంది. హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ 'ఈగ' (2012) చిత్రానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం పొందింది. ఇటువంటి స్టూడియోలలో ఉద్యోగం ఆశించేవారు ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టినా పైథాన్‌ను, త్రిమితీయ గణితాన్ని గట్టిగా నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ మారినా ఆ రెండూ చేజారవు.

9.5 ఎంపికకు ముందు వేసుకోవలసిన ఐదు ప్రశ్నలు

1. చూసేవారు దీనిని ఎక్కడ చూస్తారు – ఫోన్‌లోనా, బ్రౌజర్‌లోనా, తెరపైనా?
2. నా కంప్యూటర్, వారి పరికరం ఎంత పని మోయగలవు?
3. నాకు ఇప్పటికే ఏ ప్రోగ్రామింగ్ భాష వచ్చు?
4. లైసెన్సు షరతులేమిటి? ఆదాయం వస్తే ఏమి చెల్లించాలి?
5. రేపు ఈ సాధనాన్ని వదిలేయాల్సి వస్తే నా పని నాతో వస్తుందా?

చివరి రెండు ప్రశ్నలను విద్యార్థులు సాధారణంగా వదిలేస్తారు. 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థ ఇన్‌స్టాలేషన్ల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. డెవలపర్ల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చింది. 2024 సెప్టెంబరులో గేమ్‌లకు సంబంధించి ఆ రుసుమును రద్దు చేసింది. ఈ మధ్యకాలంలో ఏళ్ల తరబడి చేసిన పనిని వేరే ఇంజిన్‌కు మార్చాలా వద్దా అని ఎందరో తర్జనభర్జన పడ్డారు. అందువల్ల నమూనాలను జీఎల్‌టీఎఫ్ వంటి బహిరంగ ఫార్మాట్‌లో కూడా భద్రపరచుకోవడం మంచి అలవాటు.

9.6 అన్వయం

మొదటి పని: ఛాయా సోమేశ్వరాలయంలో నీడ ఎందుకు కదలదో పాఠశాల పిల్లలకు చూపే వీడియో. ఇక్కడ కాంతి లెక్క సరిగా ఉండాలి, సమయం ఉంది. బ్లెండర్‌లో సైకిల్స్ తగినది. స్తంభాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ నీడలో వచ్చే మార్పును చూపవచ్చు.

రెండవ పని: యాత్రికులు తమ ఫోన్‌లో గర్భాలయాన్ని చూసే పేజీ. బ్లెండర్‌లో బేకింగ్ చేసి, జీఎల్‌టీఎఫ్‌గా మార్చి, త్రీ జేఎస్‌తో చూపాలి. వెలుగు ఇప్పటికే బొమ్మలో ఉంది కాబట్టి పేజీలో మళ్లీ దీపం పెట్టకూడదు, పెడితే వెలుగు రెండుసార్లు పడినట్లవుతుంది. ఫైలు పరిమాణాన్ని తగ్గించడం కూడా ముఖ్యం.

మూడవ పని: ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురంలో ఏఆర్. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి, తరలించి, అలంపురంలో తిరిగి నిర్మించారు. ఆ గుడి ముందు ఫోన్ పట్టుకుంటే, కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర అది పూర్వం ఎలా ఉండేదో చూపడం మన ఉద్దేశం. జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. గుడి నమూనా అంత పక్కకు జరిగితే దృశ్యం అతకదు. కాబట్టి అక్కడ ఉంచిన ఒక చిత్రఫలకాన్ని కెమెరా గుర్తించి, దాని ఆధారంగా నమూనాను నిలిపే పద్ధతి మేలు. ఏఆర్‌కోర్ పనిచేయని ఫోన్లు ఉన్నవారికి అదే దృశ్యాన్ని మామూలు వీడియోగా ఇవ్వాలి.

మూడు పనుల్లోనూ ఒక నియమం పాటించాలి. కొలతల ఆధారంగా నిర్మించిన భాగాన్నీ, ఊహించి పూరించిన భాగాన్నీ వేర్వేరు రంగుల్లో చూపాలి. రక్షిత కట్టడాల వద్ద చిత్రీకరణకు, డ్రోన్‌లకు ఉన్న అనుమతి నిబంధనలను ముందే తెలుసుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. షాడో మ్యాపింగ్‌కు, పాత్ ట్రేసింగ్‌కు తేడా ఏమిటి?
2. 30 సెకన్ల సినిమా దృశ్యంలో ఒక్కో చిత్రానికి 2 నిమిషాలు పడితే మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?
(జవాబు: 720 చిత్రాలు, 1,440 నిమిషాలు, 24 గంటలు)

9.7 సారాంశం

సాధనాన్ని ఎంచుకోవడమంటే పనికున్న సమయ పరిమితిని, చూసేవారి పరికరాన్ని, కాంతిని లెక్కించే పద్ధతిని, లైసెన్సును కలిపి ఆలోచించడం. వేగం కావలసిన చోట షాడో మ్యాపింగ్, యథార్థత కావలసిన చోట పాత్ ట్రేసింగ్, రెండూ కావలసి ఉండి వెలుగు మారని చోట బేకింగ్ తగినవి. ఒక సాధారణ ల్యాప్‌టాప్, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న విద్యార్థి కూడా తన ఊరి కట్టడంతో ఈ పనులు మొదలుపెట్టవచ్చు.

9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఛాయా సోమేశ్వరాలయం ఉదాహరణగా వెలుగునీడలను లెక్కించే పద్ధతులను వివరించండి.
2. సాధనాల ఎంపికకు వేసుకోవలసిన ప్రశ్నలను చర్చించి, మీ ప్రాంతంలోని ఒక కట్టడానికి అన్వయించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బేకింగ్ ఏ సందర్భంలో ఉపయోగపడుతుంది? ఏ సందర్భంలో ఉపయోగపడదు?
2. బహిరంగ ఫార్మాట్ల అవసరాన్ని తెలపండి.