నాణెం మీద వెలిసిన మహారాణులు

రోమ్ చక్రవర్తులు ఇంటి ఆడవాళ్లను కంచు నాణేలపై దేవతలను చేశారు. ఆ హోదాకు గడువు పెట్టిందీ వారే

వేలి గోరంత కంచు బిళ్ల. ఒకవైపు ఫాస్టా మహారాణి ముఖం. తిప్పి చూస్తే ఇద్దరు పసివాళ్లను ఎదకు హత్తుకున్న తల్లి, చుట్టూ 'రాజ్యానికి ఆశ' అన్న లాటిన్ అక్షరాలు. 324లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి భార్యకు అగస్టా బిరుదిచ్చాక వేయించిన నాణెమిది. రెండేళ్లు తిరక్కుండానే, 326లో, ఆయన ఆజ్ఞతోనే ఆమె ప్రాణం పోయింది.

పత్రికలు, పోస్టర్లు లేని కాలంలో నాణెమే సర్కారీ ప్రచార సాధనం. బంగారం, వెండి ఉన్నవాళ్ల పెట్టెల్లోకి చేరితే సంతలో చేతులు మారేది కంచు, ఇత్తడి, రాగి. సామాన్యుడికి చెప్పాల్సిన మాటలన్నీ వాటి మీదే.

కాలిగులా 37-38లో తన ముగ్గురు చెల్లెళ్లను భద్రత, సామరస్యం, అదృష్ట దేవతలుగా ఇత్తడి నాణెంపై నిలబెట్టాడు. 38లో ద్రుసిల్లా చనిపోయింది. మరుసటి ఏడాది మిగతా ఇద్దరినీ కుట్ర నేరంపై ద్వీపాలకు తరిమేశాడు. దేవతలకు ప్రవాసం తప్పలేదు.

ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫాస్టినాకు నాణేల యోగం ఎక్కువగా 140లో మరణించాకే పట్టింది. 'దివ్య ఫాస్టినా' పేరుతో ఏళ్ల తరబడి కుప్పలుగా ముద్రించారు. పోయిన రాణితో పేచీ ఉండదు కదా! ఆమె బొమ్మ ఉన్న బంగారు నాణెం ఒకటి మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ బయటపడింది.

కూతురు చిన్న ఫాస్టినా కథ వేరు. మార్కస్ ఆరేలియస్‌కు ఆమె కనీసం 12 మందిని కన్నది. ఆమె నాణేలపై సంతాన దేవత పిల్లల్ని ఎత్తుకుని కనిపిస్తుంది. 161లో కవలలు పుడితే, సింహాసనంపై ఇద్దరు శిశువులతో 'యుగానికి సౌభాగ్యం' అని వేశారు. వారిలో ఒకడు నాలుగేళ్లకే పోయాడు. బతికిన కొమొడస్ పాలన రోమ్‌కు పీడకలే అయింది. కన్న బిడ్డల్లో ఎక్కువ మందిని పోగొట్టుకున్న ఆ తల్లి శోకానికి మాత్రం ఏ నాణెంపైనా చోటు దక్కలేదు.

ఇక ఫాస్టా. ఆమెను ఎందుకు చంపించారన్న దానిపై చరిత్రకారులు ఇప్పటికీ తలోమాట చెబుతారు. ఆమె ముగ్గురు కొడుకులూ తర్వాత చక్రవర్తులయ్యారు. 326తో ఆమె నాణేలు ఆగిపోయాయి. అదే 324లో అగస్టా అయిన అత్తగారు హెలెనా నాణేలు ఆ తర్వాతా వెలువడుతూనే ఉన్నాయి. వాటి వెనక నిల్చున్నది భద్రతా దేవత.