గేరు బండా? గేరు లేని బండా?



పొదుపు సంఘంలో అప్పు తీసుకుని బండి కొనుక్కునే ఆడవాళ్లు ఇప్పుడు మన పల్లెల్లో కనిపిస్తున్నారు. పాలకేంద్రంలో పాలు పోయాలన్నా, సంతకు కూరగాయలు తీసుకుపోవాలన్నా, బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, సొంత బండి ఉంటే ఒకరిని బతిమాలే పని లేదు.

బండ్ల కొట్టుకు పోతే మొదట ఒక మాట అడుగుతారు. "అమ్మా, గేరు బండి కావాల్నా? గేరు లేనిది కావాల్నా?"

పక్కనున్నవాళ్లు వెంటనే అంటారు. "ఆడమనిషికి గేర్లెందుకు? గేరు లేనిదే సులువు."

తారు రోడ్డు మీద ఈ మాట నిజమే. కానీ మన దారులన్నీ తారు రోడ్లు కావు. గుట్ట దారి, చెరువు కట్ట, ఇసుక వంక దాటితేగానీ తారు రోడ్డు రాని ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. కంతులు కట్టేది మనం. బండి జారితే దెబ్బ తగిలేది మనకు. అందుకని తెలుసుకుని కొందాం.

గేరు అంటే ఏమిటి?

నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని గుట్ట ఎక్కేటప్పుడు మనం ఎట్లా నడుస్తాం? చిన్న చిన్న అడుగులు వేస్తాం. చదును దారిలో వట్టి చేతులతో పోయేటప్పుడు పెద్ద అంగలు వేస్తాం. మనిషి ఒకరే. బలం ఒకటే. అడుగు మారింది.

ట్రాక్టరును చూడండి. మడక దున్నేటప్పుడు మెల్లగా పోతుంది. బరువుగా లాగుతుంది. అదే ట్రాక్టరు రోడ్డెక్కితే వేగంగా పోతుంది. ఇంజను ఒకటే. గేరు మారింది.

ఇంజను బలాన్ని బండి చక్రానికి అందించడానికి మధ్యలో పండ్ల చక్రాలు ఉంటాయి. చిన్న పండ్ల చక్రం పెద్దదాన్ని తిప్పితే, పెద్దది మెల్లగా తిరుగుతుంది. కానీ బలంగా తిరుగుతుంది. ఒకటో గేరు ఇట్లాంటిదే. గేరు పెంచే కొద్దీ వేగం పెరుగుతుంది. లాగే బలం తగ్గుతుంది.

మోటారు సైకిలుకు నాలుగు గానీ, ఐదు గానీ గేర్లు ఉంటాయి. ఎడమ చేత్తో క్లచ్చి పట్టుకుని, ఎడమ కాలితో గేరు మారుస్తాం. క్లచ్చి పట్టుకుంటే ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగుతుంది. వదిలితే మళ్లీ కలుస్తుంది.

గేరు లేని బండి ఎట్లా పోతుంది?

ఇంతకు ముందు స్కూటర్లకు కూడా గేర్లు ఉండేవి. ఎడమ చేతి పిడిని తిప్పి మార్చేవాళ్లు. 1984లో కైనెటిక్ హోండా అనే గేరు లేని స్కూటరు మన దేశంలోకి వచ్చింది. తర్వాత స్కూటీ, యాక్టివా వంటివి వచ్చాయి.

నిజానికి వీటిలో కూడా గేరు పని జరుగుతుంది. మనం చేయం, బండే చేసుకుంటుంది. లోపల రెండు గిలకలు ఉంటాయి. వాటి మీద ఒక రబ్బరు బెల్టు తిరుగుతుంది. వేగాన్ని బట్టి ఒక్కో గిలక రెండు భాగాలు దగ్గరవుతాయి, దూరమవుతాయి. దాంతో బెల్టు పైకీ కిందికీ జరుగుతుంది. బలం కావాల్సినప్పుడు బలం, వేగం కావాల్సినప్పుడు వేగం వస్తుంది.

క్లచ్చి కూడా దానంతట అదే పనిచేస్తుంది. యాక్సిలేటరు తిప్పితే పట్టుకుంటుంది. బండి బాగా మెల్లగా అయితే వదిలేస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. గుట్ట దిగేటప్పుడు దీని అవసరం తెలుస్తుంది.

మన పల్లెల్లో ఎక్కువగా తిరిగే టీవీఎస్ ఎక్సెల్ ఇంకో రకం. టీవీఎస్ కంపెనీ 1980లో హోసూరులో టీవీఎస్ 50 మోపెడ్ తయారుచేసింది. ఎక్సెల్ ఆ వంశంలోదే. దీనికి ఉండేది ఒక్కటే గేరు. మార్చే పని లేదు. నడపడం సులువు. కానీ నిట్టనిలువు దారిలో ఎక్కువ బరువు వేస్తే, దిగడానికి దీనికి ఇంకో చిన్న గేరు లేదు. ఇంజను మొరాయిస్తుంది.

మన దారుల్లో ఏది ఎట్లా?

గుట్ట ఎక్కేటప్పుడు: గేరు బండి అయితే ఎత్తు మొదలు కాకముందే ఒకటో గేరుకో రెండో గేరుకో రావాలి. మధ్యలో మార్చబోతే బండి ఆగిపోవచ్చు, వెనక్కి జారవచ్చు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఇక్కడే భయం. గేరు లేని స్కూటరుకు ఈ తంటా లేదు. యాక్సిలేటరు తిప్పితే చాలు. అయితే బరువు వేసుకుని చాలాసేపు నత్తనడక నడిపితే దాని క్లచ్చి, బెల్టు వేడెక్కి అరిగిపోతాయి.

గుట్ట దిగేటప్పుడు: ఎక్కువ ప్రమాదం ఇక్కడే. గేరు బండిని ఒకటో గేరులో పెట్టి, క్లచ్చి పట్టుకోకుండా దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బండెద్దులు దిగుడులో కాడిని వెనక్కి ఒత్తి పట్టినట్టు అనుకోండి. బ్రేకు మీద భారం తగ్గుతుంది. గేరు లేని స్కూటరు బాగా మెల్లగా దిగేటప్పుడు క్లచ్చి వదిలేస్తుంది. అప్పుడు ఇంజను పట్టు ఉండదు. భారమంతా బ్రేకుల మీదే. గులకరాళ్ల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టితే ముందు చక్రం జారుతుంది. అందుకని పైనుంచే మెల్లగా మొదలుపెట్టాలి. రెండు బ్రేకులూ కలిపి, మెత్తగా పట్టాలి.

కొందరు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి గానీ, న్యూట్రల్ చేసి గానీ గుట్ట దిగుతారు. ఏ బండితోనూ ఈ పని చేయవద్దు. చెంచాడు పెట్రోలు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

ఇసుకలో: కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి నది ఒడ్డున ఇసుక మేటలు ఉన్నాయి. ఈ నదిని హగరి అని కూడా అంటారు. ఇట్లాంటి ఇసుకలో బండి ఆగకుండా ఒకే తీరుగా పోవాలి. గేరు బండి అయితే ఇసుకలో దిగక ముందే చిన్న గేరు వేసుకోవాలి. గేరు లేనిది అయితే మధ్యలో గేరు మార్చే పని లేదు కాబట్టి ఊపు తెగదు. కానీ స్కూటరు చిన్న చక్రం ఇసుకలో తొందరగా దిగబడుతుంది. దిగబడితే యాక్సిలేటరు తిప్పవద్దు. చక్రం ఇంకా లోతుకు తవ్వుకుంటుంది. దిగి తోయడమే మంచిది.

నల్ల రేగడిలో: తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ వైపు నల్లరేగడి ఎక్కువ. మన సీమలో వాన తక్కువే. అనంతపురం వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. కానీ పడిన రోజు రేగడి బంకలాగా పట్టుకుంటుంది. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి కూరుకుపోతుంది. అప్పుడు ఏ గేరూ ఆదుకోదు. దారి ఆరే వరకు ఆగాలి.

వంకలో నీళ్లు ఉంటే: స్కూటరు బెల్టు పెట్టెలోకి నీళ్లు పోతే బెల్టు జారుతుంది. ఇంజను తిరుగుతుంది, బండి కదలదు. గొలుసు బండికి ఈ కష్టం లేదు. అయితే వంక పారుతుంటే ఏ బండినీ దింపవద్దు. నీళ్ల లోతు, ఈడ్పు పైకి కనిపించవు.

చక్రం సంగతి మరవద్దు

రాళ్ల దారిలో గేరు ఎంత ముఖ్యమో చక్రం అంత ముఖ్యం. స్కూటరు చక్రం 10 గానీ 12 గానీ అంగుళాలు ఉంటుంది. మోటారు సైకిలు చక్రం 17, 18 అంగుళాలు ఉంటుంది. ఎక్సెల్ చక్రం 16 అంగుళాలు. పెద్ద చక్రం గుంతను దాటిపోతుంది. చిన్న చక్రం గుంతలో పడుతుంది.

స్కూటరుకూ మంచి గుణాలు ఉన్నాయి. చీర కట్టుకుని ఎక్కడం సులువు. కాళ్ల దగ్గర సంచి పెట్టుకోవచ్చు. కాళ్లు నేలకు బాగా అందుతాయి. కరెంటు బండ్లు కూడా ఎక్కువగా గేరు లేనివే. వాటి మోటారు కదిలేటప్పుడే బలంగా లాగుతుంది. కానీ దారిలో ఛార్జి అయిపోతే పల్లెలో సీసాతో తెచ్చి పోసుకునేది కాదు.

జీపులకు, కార్లకు

జీపుల్లో, కార్లలో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. 2019 నుంచి మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. ఒకే పేరు గల కారును గేరు మార్చేదిగానూ, దానంతట అదే మారేదిగానూ అమ్ముతున్నారు. రాళ్లలో, ఎత్తులో మెల్లగా పాకడానికి దానంతట అదే మారేది సులువు.  దిగుడులో చిన్న గేరును మన చేత్తో పట్టి ఉంచడానికి గేరు మార్చేది నమ్మకం. దానంతట అదే మారే కార్లలో కూడా చాలావాటికి చిన్న గేరులో నిలిపే ఏర్పాటు ఉంటుంది. దాన్ని అడిగి నేర్చుకోవాలి.

లైసెన్సు మాట

ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి. అది 6 నెలలు పనిచేస్తుంది. 30 రోజులు దాటిన తర్వాత బండి నడిపి చూపించి లైసెన్సు తీసుకోవచ్చు. గేరు లేని బండికి ఇచ్చిన లైసెన్సుతో గేరు బండి నడపకూడదు. గేరు బండి లైసెన్సు ఉంటే రెండూ నడపవచ్చు. లైసెన్సులో ఏమి రాసి ఉందో మీరే చదివి చూసుకోండి. చదువు నేర్చింది ఇందుకే కదా!

ఇంకొక మంచి మాట. బాడుగ ఆటో, బాడుగ జీపు నడపాలంటే 8వ తరగతి చదివి ఉండాలని ఇంతకు ముందు నియమం ఉండేది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని తీసేసింది. బడికి పోని ఆడవాళ్లకు కూడా ఇప్పుడు ఆ దారి తెరిచి ఉంది.

కొనే ముందు

కొట్టు ముందర చదును రోడ్డు మీద నడిపి చూస్తే ఏ బండి అయినా బాగానే ఉంటుంది. అది చాలదు. మన దారిలో అన్నిటికంటే చెడ్డ చోటు ఏది? దిగుడా? ఇసుకా? రాళ్లా? ఆ చోటును బట్టి బండిని ఎంచుకోవాలి. మన ఊళ్లో అట్లాంటి బండి ఉన్నవాళ్లను అడగండి. వీలైతే రోజూ మోసేంత బరువు వేసుకుని, ఆ చోట ఎక్కించి, దింపి చూడండి. ఆ బండిని బాగుచేసే మెకానిక్కు దగ్గర్లో ఉన్నాడా, బెల్టు దొరుకుతుందా, ఎంత అవుతుంది అని కూడా అడగండి.

తారు రోడ్డు ఎక్కువ, దిగుడు తక్కువ అయితే స్కూటరు చాలు. గుంతల దారి, కొంచెం బరువు అయితే ఎక్సెల్ వంటిది చూడవచ్చు. నిలువు దిగుడు, రాళ్లు, రోజూ బరువు అయితే గేరు బండి నేర్చుకోవడం మేలు. నేర్చుకోవడానికి నాలుగు రోజులు ఎక్కువ పట్టవచ్చు. పట్టనివ్వండి.

"ఆడవాళ్లకు గేర్లు రావు" అనే మాట పట్టించుకోవద్దు. సైకిలు గురించి కూడా అట్లాగే అన్నారు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలు నేర్పే ఉద్యమంలోనే ఆడవాళ్లకు సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. వేలమంది పల్లె ఆడవాళ్లు సైకిలెక్కారు. అక్షరం నేర్చిన చేతికి క్లచ్చి రాకపోదు.

గుర్తు పెట్టుకోండి

చిన్న గేరులో బలం ఎక్కువ, వేగం తక్కువ.
ఎత్తూ దిగుడూ రాకముందే గేరు తగ్గించాలి.
ఇంజను ఆపి గుట్ట దిగవద్దు.
హెల్మెట్ లేకుండా బండి ఎక్కవద్దు.
మన దారిని చూసి బండి కొనాలి.

మాట్లాడుకోండి

మీ ఊరి దారిలో అన్నిటికంటే కష్టమైన చోటు ఏది?
ఆ చోట ఏ బండి మేలు? ఎందుకు?
మీ సంఘంలో బండి నడపడం వచ్చినవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లకు ఎవరు నేర్పుతారు?