పాత పరికరాలు, ఎండలు, కండెన్సర్లు



మేము బోధించే ఎమిరేట్స్ దేశంలో జూలై, ఆగస్టు నెలలు పాఠశాలలకు సెలవులు. ఆ నెలలలో పగటి ఎండ తరచుగా 45 డిగ్రీలు దాటుతుంది. ఏసీలు ఆపిన గదులలో ప్రయోగశాల పరికరాలు ఆ వేడిలోనే మగ్గుతాయి. సెలవుల తరువాత పాత ఆసిలోస్కోపు తెరపై గీత వణికితే, దానికి కాలం తీరిందని చాలామంది పారవేస్తారు. తరచుగా చెడినది యంత్రం కాదు, దాని పవర్ సప్లైలోని కొన్ని కండెన్సర్లు మాత్రమే.

కండెన్సరు పని చెరువు పని వంటిది. రెక్టిఫయరు నుండి అలలుగా వచ్చే విద్యుత్తును నింపుకొని, తగ్గినప్పుడు ఇస్తుంది. దాని లోపల అల్యూమినియం రేకులు, వాటి నడుమ ద్రవంలో తడిపిన కాగితం ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తడి ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. 65 డిగ్రీల వద్ద 8000 గంటలు పనిచేసేది 75 వద్ద 4000 గంటలే పనిచేస్తుంది. అందుకే 1972లో వచ్చిన టెక్‌ట్రానిక్స్ 465 వంటి మేలైన ఆసిలోస్కోపుకు కూడా ఈ చికిత్స తప్పదు.

మొదట ప్రాణరక్షణ. ప్లగ్గు తీసినా కండెన్సరులో విద్యుత్తు నిలిచి ఉంటుంది. తగిన రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేసి, వోల్టేజీ సున్నాకు వచ్చిందని మల్టీమీటరుతో చూచిన తరువాతనే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్లను కలపడం నిప్పుతో చెలగాటమే. తెర గొట్టానికి వేల వోల్టులు అందించే భాగాన్ని నేర్చినవారికే వదలాలి.

కొత్తదాని వోల్టేజీ పాతదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. మైక్రోఫారడ్లు దాదాపు అంతే ఉండాలి. మరీ పెంచితే స్విచ్చి వేసిన క్షణంలో రెక్టిఫయరుపై భారం పడుతుంది. ఈ ఎండలకు 105 డిగ్రీల రకమే మేలు. ధన, ఋణ కాళ్లు తారుమారైతే కండెన్సరు పేలగలదు. కనుక టంకం ఊడదీయకముందే బొమ్మ గీసి ఉంచుకోవాలి.

మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు, తగిన వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బును వరుసలో కలపాలి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే శుభం. అదే వెలుగుతో నిలిస్తే లోపల షార్టు ఉన్నట్లే, వెంటనే ఆపాలి.

బాగుపడిన ఆసిలోస్కోపుపై పిల్లలు తమ గొంతులోని అలను కంటితో చూడగలరు. మన సంఘాలలో రామభజనలు వినిపించి నేడు మూలపడిన యాంప్లిఫయర్లకు, టేపురికార్డర్లకు కూడా ఇదే వైద్యం వర్తిస్తుంది. పారవేసే ముందు ఒకసారి మూత విప్పించి చూపించండి.